పదకొండు ముడులు

సూది గుచ్చుకున్నది ఆమె కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో. ఆసుపత్రి లాండ్రీ షెడ్డులో, మూటలు విప్పే బల్ల దగ్గర, అందరూ చూస్తుండగా. కాగితం మీద మాత్రం వేరే రాశారు. "ఇంట్లో బట్టలు కుట్టుకుంటుండగా సూది గుచ్చుకున్నది. దీనికీ డ్యూటీకీ సంబంధం లేదు." సూపర్‌వైజర్ తన చేత్తోనే రాసి, ఆమె ముందు పెట్టి, పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు.

"సంతకం పెట్టమ్మా. పెడితే మందులు మనమే ఇప్పిస్తాం. పెట్టకపోతే విచారణ అంటారు. ప్రతి వార్డువాళ్ళూ మాది కాదంటారు. తిరిగి తిరిగి నీ చెప్పులే అరుగుతాయి."

ఏ వార్డు సూదో ఎవరికీ తెలియదు. మూట విప్పేశాక అన్ని దుప్పట్లూ ఒకటే. ఆమె కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టింది. కింద సాక్షి కోసం ఇంకో గీత ఉంది. సూపర్‌వైజర్ షెడ్డంతా కలయజూసి మూటలు దించే మనిషిని పిలిచాడు. అతను పనిలో చేరి నాలుగు నెలలైనా కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆమె అరచేతిలోంచి సిరంజి సూదిని లాగింది అతనే. అయినా వచ్చి, వంగి, సంతకం గీకి పోయాడు.

"చదవలేదక్కా. పెట్టమంటే పెట్టాను," అన్నాడు ఆ సాయంత్రం గేటు దగ్గర.

ఆమె గుడ్డ చుట్టిన చేతిని కొంగులో దాచుకుని గేటు దాటింది.

ఆ తర్వాత ఆరు నెలలు ఆమె మూడుసార్లు రక్తం ఇచ్చి మూడుసార్లు ఫలితం కోసం కూర్చుంది. ఇంట్లో తన కంచం, గ్లాసు వేరు చేసుకుంది. తలుపు దగ్గర చాప వేసుకుని పడుకుంది. కూతురు మెడ పట్టుకు వేలాడబోతే మోచేత్తో తోసేసేది. చివరికి జబ్బేమీ అంటలేదని తేలింది. కానీ మోచేత్తో తోయించుకున్న పిల్ల మళ్ళీ దగ్గరికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాది సంగతి ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

ఆమెను మడతల బల్లకు మార్చారు. మూటలు విప్పే బల్ల అతనికి దక్కింది. ఆ పని అతనికి ఆమే నేర్పాల్సి వచ్చింది.

ఆ షెడ్డు ఆసుపత్రి వెనకాల, పల్లంలో ఉంటుంది. పొద్దున్నే పదకొండు వార్డుల నుంచి మాసిన దుప్పట్లు మూటలై చక్రాల బండి మీద దిగుతాయి. దుప్పటినే పరిచి మిగతావి అందులో వేసి, చిరిగిన దుప్పటి నుంచి చింపిన పేలికతో మూతి కడతారు. పేలిక తిరిగి వార్డుకు పోవాలి, అందుకని ముడి కొయ్యకూడదు, విప్పాలి. రోజుకు నూటికి పైగా ముడులు. తడిసి బిగిసినవి, నెత్తురుతో అట్టకట్టినవి. మొదట్లో అతని గోళ్ళు విరిగాయి. తర్వాత వేళ్ళకు దారి తెలిసిపోయింది. కళ్ళు గడియారం మీదో, పక్కవాళ్ళ కబుర్ల మీదో ఉండేవి, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి.

మూటల్లో సూదులు, బ్లేడు ముక్కలు, ఒక్కోసారి కత్తెరలు దొరికేవి. దొరికిన ప్రతిదీ వెంటనే సూపర్‌వైజర్‌కు తెలపాలని గోడ మీద రాసి ఉంది. ఒకరిద్దరు తెలిపి చూశారు. ఆయన ఒంటికాలి మీద లేచాడు. అప్పటినుంచి బల్ల పక్కన ఒక రేకు డబ్బా వెలిసింది. దొరికింది దొరికినట్టు అందులో పడేసేవారు.

షెడ్డులో అందరికీ పేర్లు పెట్టేది ఇస్త్రీ పెద్దాయన. రోలర్ యంత్రం ముందు నిలబడి నిలబడి నడుము వంగిపోయినా నోరు మాత్రం నిటారుగానే ఉండేది. సాక్షి గీత మీద చేవ్రాలు చేసినవాడికి ఆయన "సంతకం" అని పేరు పెట్టాడు. "ఒరేయ్ సంతకం, ఆ మూట ఇటు తొయ్యి," అంటే అతను మొదట ముఖం మాడ్చుకునేవాడు. కొన్నాళ్ళకు ఆ పిలుపుకే పలకడం అలవాటైంది.

ఆమెకు పేరు ఐదేళ్ళ తర్వాత వచ్చింది. విమానం.

ఆసుపత్రుల్లో కిందిపని చేసేవాళ్ళను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మూడు వారాలు పంపి, అక్కడివాళ్ళను ఇక్కడికి రప్పించే కార్యక్రమం ఏదో ఉందట. ఆమె ఎప్పుడు దరఖాస్తు పెట్టిందో, ఎవరు నింపిపెట్టారో షెడ్డులో ఎవరికీ తెలియదు. ఒక సోమవారం మడతల బల్ల ఖాళీగా కనిపించింది. మళ్ళీ నాలుగో సోమవారం ఆమె అదే చీర, అదే చెప్పులతో వచ్చి అదే చోట నిలబడింది.

"చాక్లెట్లు తెచ్చావా అక్కా?" అంది బట్టలు పిండే యంత్రం దగ్గరి అమ్మాయి.

"సంచి తెచ్చాను."

పసుపుపచ్చ సంచి. మూతి దగ్గర గుడ్డ పట్టీ కుట్టి, పట్టీ మీద ఒక అంకె వేసి ఉంది. అందరూ లోపలికి తొంగి చూశారు.

"మూడు వారాలు తిరిగి ఖాళీ సంచి తెచ్చావా?" అన్నాడు ఇస్త్రీ పెద్దాయన. "ఖాళీగా వెళ్ళి నిండుగా వచ్చేవాళ్ళని చూశాను గానీ..."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అక్కడా ఇలాంటి షెడ్డే, ఇలాంటి ఆవిరే, కాకపోతే వార్డుకో రంగు సంచి, పట్టీ మీద ఆ వార్డు అంకె. తన ఈడు మనిషి ఒకావిడ దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడిందట. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, అయినా ఇద్దరూ ఒకేసారి మూలలు కలిపి ఒకేసారి దులిపారట. ఒకరోజు మూటలో కత్తెర దొరికింది. ఆవిడ యంత్రం ఆపేసి, సంచి పట్టీ మీది అంకె చూసి ఫోను చేసింది. పది నిమిషాల్లో ఆ వార్డు పెద్ద నర్సు తనే దిగివచ్చి, తప్పయిందని చెప్పి, కత్తెర తీసుకుపోయింది.

"నర్సు దిగివచ్చిందా?" అన్నాడు పెద్దాయన. "నడిచా, ఎగిరా?"

షెడ్డంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది గానీ సంచి మాత్రం మడిచి జాగ్రత్తగా పెట్టుకుంది.

సంతకం నవ్వలేదు. మధ్యాహ్నం ఆమెతో పాటు దుప్పటి కొస పట్టుకోవడానికి వెళ్ళి మెల్లగా కదిపాడు.

"ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు పిలిచారక్కా?"

"పనిలో మనకు జరిగిన అన్యాయం ఒకటి రాయమన్నారు. రాశాను."

"ఏం రాశావు?"

"నా సూది సంగతి."

"అంతా రాశావా?"

"జరిగిందంతా."

"పేర్లు కూడానా?"

"ఆ కొస సరిగ్గా పట్టుకో," అంది ఆమె. "జారిపోతోంది."

ఆ రోజు నుంచి అతనికి మనసు కుదుట పడలేదు. ఎవరో ఎక్కడో తన పేరు చదివారు. చదివి ఆమెను పిలిపించుకున్నారు. మూడు వారాలు కూర్చోబెట్టి ఏం అడిగారో, ఏం నూరిపోశారో. టికెట్ కొని విమానం ఎక్కించినవాళ్ళు ఊరికే ఎక్కిస్తారా? పెద్దాయనకు ఇంకో అనుమానం ఉంది. "ఆ సంచీ గించీ పైకి చూపించడానికిరా. అసలు పని మనల్ని కనిపెట్టడం. ఎవరు అక్కర్లేదో రాసి పంపుతుంది. సగం మందిని తీసేస్తారు, చూస్తూ ఉండు."

ఆమె సంచీ పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్ళింది. వార్డుకో రంగు వద్దు, కనీసం మూటకో పట్టీ కట్టించండి అని అడిగింది. ఆయన మాటలు షెడ్డు బయటికి కూడా వినిపించాయి.

"అక్కడ మంచు కూడా కురుస్తుందమ్మా. అది కూడా తెప్పించమంటావా? ఇంకోసారి ఈ మాట ఎత్తావంటే మడతల బల్ల కూడా ఉండదు నీకు."

ఆమె మళ్ళీ ఎత్తలేదు. కానీ మర్నాటి నుంచి వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టింది. తన టీ విరామంలో గ్లాసు పట్టుకుని వచ్చి సంతకం బల్ల పక్కన నిలబడేది. కబుర్లు చెప్పేది కాదు. అతని చేతుల వంకే చూసేది. అతను డబ్బాలో ఏదైనా పడేసి ఆ రేకు చప్పుడు వినిపిస్తే చాలు, నడుముకు దోపుకున్న చిన్న పుస్తకం తీసి ఏదో గీసేది.

"ఏం రాస్తున్నావక్కా?"

"ఏం లేదులే." అరచెయ్యి పేజీ మీద కప్పేసేది. ఆ అరచేతిలో, బొటనవేలి మొదట్లో, ఆ పాత మచ్చ కనిపించేది.

చప్పుడైతే గీత, చప్పుడైతే గీత. అతనికి అర్థమైపోయింది. తెలపాల్సినవి తెలపకుండా డబ్బాలో వేస్తున్నందుకు తన మీద చిట్టా తయారవుతోంది. ఆనాటి సంతకానికి ఈనాడు బదులు తీర్చుకుంటోంది. తీర్చుకోవడానికి ఆమెకు కారణం ఉందని అతనికి తెలుసు. ఆ తెలియడమే అతన్ని నిద్రపోనివ్వలేదు.

కూతురి బడిలో ఏదో పని ఉండి ఒకరోజు ఆమె మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. పుస్తకం మడతల బల్ల సొరుగులో మరిచిపోయింది. సంతకం దాన్ని తెచ్చి రోలర్ యంత్రం మీద పరిచాడు. నలుగురూ చుట్టూ మూగారు.

అక్షరాలు లేవు. బొమ్మలు. ఒక్కో పేజీకి ఒక్కో వింత బొమ్మ, దాని కింద నిలువు గీతలు. రెండు చెవులున్న సున్నా ఒకటి. గుండ్రం మీద గుండ్రం ఒకటి. తోక లోపలికి ముడుచుకున్న పాములాంటిది ఒకటి. చీలిన తోకతో చేపలాంటిది ఒకటి.

"ఎన్ని?" అన్నాడు పెద్దాయన.

"పదకొండు."

"ఆమెను తీసేసి సూపర్‌వైజర్‌ని కలుపు. మనం ఎంతమందిమి?"

పదకొండు మందే.

"ఈ వంకర నేనే," అన్నాడు పెద్దాయన తనే. "నా నడుము చూసి గీసింది. పక్కనే ఉండి మనిషిని ఎంత మాటంది!"

"ఈ గుండ్రం మీద గుండ్రం నేనా?" అంది పిండే యంత్రం అమ్మాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రోజూ తన గ్లాసు కూడా నేనే కడుగుతాను."

"ఈ బిగుసుకుపోయినది సూపర్‌వైజరే, సందేహం లేదు."

ఒక్కొక్కరూ తమను తాము వెతుక్కుని పట్టుకున్నారు. గీతలు ఎక్కువగా ఉన్నది చేప కింద. పందొమ్మిది. అది ఎవరో ఎవరూ అడగలేదు. అందరూ సంతకం వైపు చూశారు.

అతను పుస్తకం తీసుకెళ్ళి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాడు. ఈసారి ఎవరూ పిలవలేదు, తనంతట తానే వెళ్ళాడు.

మర్నాడు ఆమెను గదిలోకి పిలిచి తలుపు మూశారు. పావుగంట తర్వాత ఆమె బయటికి వచ్చి, తన గ్లాసు, పసుపు సంచి తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది. ఊరి చివర చిన్న ఆసుపత్రి గుడ్డల గదికి బదిలీ అన్నారు. పుస్తకం సూపర్‌వైజర్ సొరుగులోకి పోయి తాళం పడింది. షెడ్డులో ఊపిరి పీల్చుకున్నారు. పెద్దాయన "విమానం దిగిపోయింది," అన్నాడు. కొందరు నవ్వారు కూడా.

ఆ తర్వాత వారమో, పది రోజులో. సంతకం మామూలుగా మూటలు విప్పుతున్నాడు. పక్కవాడు ఏదో అడిగితే తల తిప్పబోయి, ఎందుకో తిప్పకుండా కిందికి చూశాడు. వేళ్ళ మధ్య ముడి సగం విడివడి ఉంది. అడ్డంగా ఒక మెలిక, ఒకవైపు ఉబ్బు, మరోవైపు చీలిన రెండు కొసలు.

చేప.

వేళ్ళు ఆగిపోయాయి. అది ఎవరి ముడో అతని వేళ్ళకు ఐదేళ్ళుగా తెలుసు. అత్యవసర విభాగం ఆయా కట్టే ముడి, తొందరలో కడుతుంది కాబట్టి కొసలు వదిలేస్తుంది. పక్క మూట చూశాడు. రెండు చెవులు. పిల్లల వార్డు, అక్కడి ఆయా పిల్లల జడలకు వేసినట్టే వేస్తుంది. తోక లోపలికి దోపింది కాన్పుల వార్డు. కొత్త ఆయా వచ్చినా పాత ఆయా దగ్గర నేర్చుకుంటుంది, అదే ముడి వేస్తుంది. వార్డుకు ఒకటి చొప్పున పదకొండు. పట్టీలు కట్టించరని తేలాక ఆమె కొత్తగా ఏమీ అడగలేదు, రోజూ కట్టి పంపుతున్న వాటినే చదవడం మొదలుపెట్టింది. రోజుకు నూరు ముడులు విప్పే మనిషి వాటిని కాగితం మీద చూసి పోల్చుకోలేకపోయాడు.

పందొమ్మిది గీతలు గుర్తొచ్చాయి. అతను చేతులు వెనక్కి తీసుకుని, పొడుగాటి పట్టుకారు తెచ్చి, మూటను మడత మడతగా విప్పాడు. మూడో దుప్పటిలో సిరంజి, సూదితో సహా, మొన పైకి చూస్తూ ఉంది. వేళ్ళు మామూలుగా వెళ్ళే దారిలోనే.

ఆమె ముందే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అని అతనికి కోపం వచ్చింది. ఎవరికి చెబుతుంది? షెడ్డులో చెబితే మొదట వినేది తను. తనను నమ్మడానికి తను ఏం చేశాడు గనక?

సాయంత్రం గుడ్డల మీద గుర్తులు పెట్టే నల్ల పెన్సిలు తీసుకుని బల్ల వెనక గోడ మీద పదకొండు ముడులూ గీశాడు. కాగితం చూసి కాదు, కళ్ళు మూసుకుని, వేళ్ళను అడిగి. మర్నాటి నుంచి డబ్బా చప్పుడైనప్పుడల్లా గోడ మీద గీత పడింది. అందరూ వింతగా చూశారు.

"నిన్ను కూడా పంపుతున్నారా ఏంటి?" అన్నాడు పెద్దాయన. "నీకేం పేరు పెట్టమంటావు? హెలికాప్టర్?"

"ఉన్న పేరు చాల్లే."

చెబితే ఎవరూ మొదట నమ్మలేదు. తమ బొమ్మలు కావని తెలిసి ఒకరిద్దరు చిన్నబుచ్చుకున్నారు కూడా. గీతలు పాతిక దాటాక అతను ఒక సిరంజినీ, విప్పని ఒక మూటనూ బండి మీద పెట్టుకుని అత్యవసర విభాగానికి తోసుకెళ్ళాడు. పెద్ద నర్సు అద్దాల మీదుగా చూసింది.

"మాదని ఎలా చెబుతావయ్యా? మా పేరు రాసి ఉందా?"

"మీ ఆయమ్మను ఒక ముడి వెయ్యమనండి సిస్టర్."

ఆయా వచ్చి, ఏమిటో అర్థం కాక, పేలిక అందుకుని చకచకా కట్టింది. చేప. పక్కనే మూట మీద ఇంకో చేప. పెద్ద నర్సు రెంటినీ చాలాసేపు చూసింది. తప్పయిందని అనలేదు. సిరంజి మాత్రం తీసుకుంది. అప్పటినుంచి చేప కింద గీతలు తగ్గాయి. నెలకు ఒకటి, ఒక్కోసారి అదీ లేదు. సూపర్‌వైజర్ గోడకు సున్నం కొట్టించాడు. ఎండగానే ముడులు మళ్ళీ వచ్చాయి. రెండోసారి గీసింది పిండే యంత్రం అమ్మాయి.

సంతకం ఆమెను మళ్ళీ చూసింది ఏడాది దాటాక. ఊరి చివర ఆసుపత్రికి దుప్పట్లు దించే బండి మీద అడిగి మరీ వెళ్ళాడు. గుడ్డల గది సన్నగా, పొడుగ్గా ఉంది. రెండు వైపులా అరలు. ఆమె స్టూలు మీద కూర్చుని దిండు గలీబులు మడుస్తోంది. పసుపు సంచి మేకుకు వేలాడుతోంది, అందులో పేలికలు.

"రా తమ్ముడూ," అంది. "ఆ కొస పట్టుకో."

అతను పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నాలుగు దుప్పట్లు మడిచారు.

"పుస్తకం ఇచ్చింది నేనే అక్కా."

"తెలుసు. ఆయనే చెప్పాడు."

"అవి ముడులని తెలిశాక ఇప్పుడు గోడ మీద మేమే గీస్తున్నాం. అప్పుడు మాత్రం మా మీద రాశావనుకున్నాం."

"ఆయన కూడా మొదట అలాగే అనుకున్నాడు. ముఖం వెలిగిపోయింది." ఆమె నవ్వింది. "వార్డులు సార్, ముడులు సార్ అని నేనే విప్పి చెప్పాను. అప్పుడు పంపించాడు. మీ మీద రాశానని నమ్మనిచ్చి ఉంటే అక్కడే ఉండేదాన్ని, జీతం కూడా పెంచేవాడేమో."

అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా ఇన్నాళ్ళుగా లోపల తొలుస్తున్నది అడగకుండా ఉండలేకపోయాడు.

"ఒక్కటి చెప్పక్కా. నిన్ను పంపినవాళ్ళు... ఊరికే పంపరు కదా. బదులుగా ఏం అడిగారు?"

ఆమె లేచి, అరలో గలీబుల కింద నుంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసింది. అంచులు నలిగిపోయి ఉన్నాయి. చాలాకాలంగా అక్కడే ఉన్నట్టుంది.

"ఇదే అడిగారు. వెళ్ళాక ఒక్క మనిషికైనా నేర్పి, ఆ మనిషి చేత సంతకం పెట్టించి పంపమన్నారు. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది."

అతను కాగితం అందుకున్నాడు. అడుగున ఒక గీత ఉంది. ఆమె పెన్ను ఇచ్చింది, మూత తియ్యకుండా. అతను అలవాటు కొద్దీ అనుమానంగా కాగితం తిరగేసి చూశాడు, వెనక ఏమీ లేదు. పెన్ను మూత తీసి, గీత దగ్గరకు వంగాడు.

ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఈసారి చదివి పెట్టు," అంది.